కొండదారిలో రొట్టెలు

శృంగవరపుకోట నుంచి అనంతగిరికి బస్సులు లేని కాలం. ఒక తల్లికి ఇద్దరు కొడుకులు. తండ్రి అనంతగిరి కాఫీ తోటల్లో పనికి కుదిరి, అక్కడే ఇల్లు చూసి, పిల్లల్ని పంపమని కబురు పెట్టాడు. తల్లి చీకటితో లేచి, డబ్బాలో మిగిలిన చోడిపిండి అంతా దులిపి రొట్టెలు కాల్చింది. తనకంటూ ఒక్కటీ ఉంచుకోలేదు. అడ్డాకుల్లో రెండు మూటలు కట్టింది.

"గెడ్డ కనబడితే చేతులు కడుక్కుని తినండి. ఆకలి దాచుకుని నడవకండర్రా" అంది.

బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలైంది. మొదటి గెడ్డ దగ్గరే చిన్నోడు మూట విప్పాడు.

"ఏటన్నియా, తినవా?"

"అమ్మ కడుపు మాడ్చుకుని చేసిందిరా. ఈ మట్టి చేతుల్తో ఎలా ముట్టుకుంటాను? నాన్నకి చూపిస్తాను."

పక్కనే నీళ్లు పారుతున్నా పెద్దోడు చేతులు కడుక్కోలేదు. మూట నెత్తిన పెట్టుకుని, పదిలంగా నడిచాడు. కాశీపట్నం దాటిన తర్వాత మలుపుల్లో కళ్లు తిరిగి కూలబడ్డాడు. చిన్నోడు నీళ్లు తెచ్చి, అన్న చేతులు తానే కడిగి, తన రొట్టె తుంచి పెట్టాడు. కాసేపటికి ఇద్దరూ లేచారు.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరారు. పెద్దోడు విప్పని మూటను తండ్రి ముందు పెట్టాడు. రొట్టెలు ఎండి బిరుసెక్కాయి.

"అమ్మ ఇది నాకు చూపించమని ఇవ్వలేదురా. నువ్వు నా దగ్గరకు చేరాలని ఇచ్చింది" అన్నాడు తండ్రి.

నీతి: దివ్య సత్ప్రసాదం దూరం నుంచి దండం పెట్టుకోవడానికే కాదు, తిని తండ్రి ఇంటికి నడవడానికి.

మనలో ఆ పెద్దోడిలాంటి వాళ్లు చాలామంది. పూజకు వస్తారు, మోకరిస్తారు, అందరూ వరుసలో కదిలేసరికి వెనకే ఉండిపోతారు. "నేను తగను ఫాదర్ గారూ" అంటారు. ఆ మాటలో భక్తి ఉంది, దాన్ని నేను తేలిక చేయను. చావైన పాపం మనసులో పెట్టుకుని ప్రభువును స్వీకరించరాదన్నది శ్రీసభ కట్టడ. అయితే పాపసంకీర్తనం ఉన్నది అందుకే కదా! 1215లో లాతరాను మహాసభ ఏడాదికి ఒక్కసారైనా, పాస్కా కాలంలో సత్ప్రసాదం తీసుకోవాలని విధించింది. 1905లో పదో పయస్ పోపు రోజూ రమ్మన్నారు. 1910లో సుమారు ఏడేళ్ల పిల్లలనూ పిలిచారు.

కథ ఒకచోట చాలదు. ఆ తల్లి ఇచ్చింది రొట్టె. ఇక్కడ ఇచ్చేవాడే ఆహారం. అప్ప ద్రాక్షరసాల రూపంలో క్రీస్తు నిజంగా ఉన్నాడని ట్రెంట్ మహాసభ 1551లో తేల్చి చెప్పింది. తన శరీరాన్ని భుజించేవాణ్ణి అంతిమ దినాన లేపుతానని యోహాను సువార్త ఆరో అధ్యాయంలో ఆయనే మాట ఇచ్చాడు. జ్ఞానస్నానంతో మొదలైన నడకకు ఆ మాటే ఆధారం. అలాగని సత్ప్రసాదం తాయెత్తు కాదు. తిన్నాక నడవాలి, కూలబడినవాడికి తుంచి పెట్టాలి. అది చేయని కమ్యూనియన్ మనిషిలో ఇంకా పని మొదలుపెట్టలేదనే నేను నమ్ముతాను.

ఇంకొక్క మాట. చివరి ప్రయాణానికి దారిబత్తెంగా శ్రీసభ ఇచ్చేది ఈ సత్ప్రసాదాన్నే. మనమేమో మాట పడిపోయి, గొంతు దిగని స్థితి వచ్చాక గురువులకు ఫోన్ చేస్తున్నాం. మీ ఇంట్లో మంచం పట్టిన అమ్మమ్మో తాతయ్యో ఉంటే, తెలివిలో ఉండగానే ఫాదర్ గారికి చెప్పండి. గంట ముందు నుంచి ఏమీ తినకూడదన్న నియమం రోగులకు లేదు, వాళ్లను కనిపెట్టుకుని ఉన్న మీకూ లేదు.