మెచ్చుకొనువారికి హక్కు ఉన్నదా?

పఠింపవలసిన భాగము: మత్తయి సువార్త 25వ అధ్యాయము



ఈ నెల ధ్యానమునకు మేమొక ఆటను ఎన్నుకొంటిమి. సంఘ పత్రికలో ఆటల ప్రసంగమేల అని పెద్దలు కొందరు అడుగవచ్చును. అపొస్తలుడైన పౌలు పరుగు పందెమును చూపి కొరింథు సంఘమునకు బోధించెను గదా. అంతేకాదు, మేము చెప్పబోవు బాస్కెట్‌బాల్ ఆట క్రైస్తవ పరిచర్యలోనే పుట్టినది. 1891 డిసెంబరులో అమెరికా దేశమందలి స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణములో, వై.యం.సి.ఏ. అనబడు క్రైస్తవ యువజన సంఘమువారి శిక్షణ పాఠశాలలో, జేమ్సు నైస్మిత్ అను ఉపాధ్యాయుడు దీనిని కల్పించెను. ఆయన మాంట్రియల్ నగరమందు దైవశాస్త్రము చదివినవాడు. చలికాలమున బయట ఆడలేని యువకుల నిమిత్తము పండ్ల బుట్టలు రెండింటిని పది అడుగుల ఎత్తున కొట్టించి, బంతిని వాటిలో వేయుడని చెప్పెను. ఆ బుట్ట పేరే ఆటకు పేరాయెను.

మరుసటి సంవత్సరమే సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయిని నార్తాంప్టన్‌లోని స్మిత్ కళాశాలలో ఈ ఆటను స్త్రీలకు నేర్పెను. 1893 మార్చిలో అక్కడి విద్యార్థినులు పోటీ ఆడినప్పుడు పురుషులను చూడనిచ్చినవారు కారు. ఆ దినములు గడచిపోయినవి. 1997 జూన్ 21న ఎనిమిది జట్లతో డబ్ల్యు.ఎన్.బి.ఏ. అను స్త్రీల వృత్తి క్రీడా లీగు ఆటలు ఆరంభమాయెను. నేడు వేలకొలది జనులు టిక్కెట్లు కొని ఈ స్త్రీల ఆటను చూచుచున్నారు.

చూచుటతో వారి మనస్సు తృప్తిపడదు. ఆట ముగియగానే చిన్న బిడ్డలు అడ్డుగోడయొద్ద నిలిచి చొక్కాలను, కాగితములను చాపి సంతకము కోరుదురు. తండ్రులు బిడ్డలను భుజములపైకి ఎత్తుదురు. ఇంటికి వెళ్లి, తాము చూచినదానిని పదిమందికి చెప్పుదురు. ఎంత పొడవు మనిషి, ఎంత మెల్లని మాట అని ఒకరందురు. మా బిడ్డ పేరు అడిగి మరీ వ్రాసి ఇచ్చినది అని మరియొకరు సంతోషింతురు. మా వైపు కన్నెత్తి చూడలేదు, పేరు రాగానే గర్వము వచ్చినది అని వేరొకరు నొచ్చుకొందురు. ఇట్లు అర నిమిషపు దర్శనమునుబట్టి ఒక మనిషి గుణమంతయు తీర్పు తీర్చబడును. ఆ స్త్రీకి ఆ రాత్రి మోకాలు నొప్పిగా ఉండెనో, ఇంటినుండి దుఃఖవార్త వచ్చెనో, చూచినవారికి తెలియదు. తెలియదను సంగతి కూడ వారికి తోచదు.

ఇక్కడనే మా ప్రశ్న పుట్టినది. మనము ఒకరిని ప్రేమతో మెచ్చుకొన్నచో, ఆ మెప్పు వారిమీద మనకు హక్కును ఇచ్చునా? ఇచ్చినయెడల, ఆ హక్కు ఎంతవరకు?

న్యాయముగా చెప్పవలసినది మొదట చెప్పుదము. రూకలిచ్చి టిక్కెట్టు కొన్నవానికి కొంత హక్కు కలదు. ఆడువారు మోసము లేకుండ, శక్తి దాచుకొనకుండ ఆడవలెనని అతడు కోరవచ్చును. కూలి పుచ్చుకొన్నవాడు పని చేయవలెననుట వంటిదే ఇది. అయితే అతడు కొన్నది ఆ సాయంకాలపు ఆటను మాత్రమే. ఆడిన మనిషిని అతడు కొనలేదు. పొలములో కోతకు వచ్చిన కూలిమనిషి ప్రొద్దుగుంకిన తరువాత తన ఇంటికి తాను పోవును గదా.

లూకా సువార్త 8వ అధ్యాయములో ప్రభువు యాయీరు ఇంటికి పోవుచుండగా జనసమూహము ఆయనమీద పడి నలుపుచుండెను. ఆ గుంపులో పండ్రెండేండ్ల రోగము గల ఒక స్త్రీ వెనుకనుండి వచ్చి ఆయన వస్త్రపు అంచు ముట్టెను. అందరును ఆయనకు తగులుచుండగా ఆయన ఆమె ముట్టినదానినే గుర్తించెను. గుంపు ఆయనను చూడవలెనని త్రోసుకొని వచ్చెను. ఆమె వణకుచు, తన అవసరముతో వచ్చెను. ఆయన ఆమెను గుంపులో కలసిపోనీయక, నిలిచి ఆమెతో మాటలాడి సమాధానముతో పంపెను. త్రోసుకొనుట ఒకటి, యెదుటివాని యొద్దకు వచ్చుట మరియొకటి. రెండును పైకి ఒకటిగానే కనబడును.

ఈ భేదము మరచినచో ఏమి జరుగునో ఇటీవలి సంగతులే చెప్పుచున్నవి. 2024లో ఇండియానా జట్టున చేరిన కేట్లిన్ క్లార్క్ అను యువతి ఆట చూచుటకు జనులు తండోపతండములుగా వచ్చిరి. వారిలో అత్యధికులు మంచివారే. అయితే ఒకడు ఆమె తనదేయని భ్రమించి, సందేశములమీద సందేశములు పంపి, టెక్సాస్ రాష్ట్రమునుండి ఆమె ఉండు పట్టణమునకే వచ్చెను. 2025 జనవరిలో అతడు పట్టుబడెను. జూలైలో తప్పు ఒప్పుకొనగా రెండున్నర యేండ్ల శిక్ష పడెను. 2023 జూన్‌లో డల్లాస్ విమానాశ్రయములో బ్రిట్నీ గ్రైనర్ అను క్రీడాకారిణిని ఒకడు చిత్రములు తీయుచు, కేకలు వేయుచు వెంబడించెను. అప్పటివరకు ఈ జట్లవారు సాధారణ ప్రయాణికులతో కలిసియే విమానములెక్కువారు. 2024 నుండి లీగు వారికి ప్రత్యేక విమానములను ఏర్పరచెను. గౌరవముతో పలుకరింపగోరు వేయిమందికి కూడ ఆ ద్వారము మూయబడినది. హద్దు మీరిన కొందరివలన హద్దులోనున్నవారును నష్టపోవుదురు.

మెప్పునకు మరియొక అపాయము కలదు. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయము చదువుడి. లుస్త్ర పట్టణములో కుంటివాడు నడువగా జనులు పౌలు బర్నబాలను దేవతలని కేకలు వేసి, బలి అర్పించుటకు ఎడ్లను పూదండలను తెచ్చిరి. మేమును మీవంటి మనుష్యులమేయని వారు బట్టలు చింపుకొని బ్రతిమాలవలసి వచ్చెను. అధ్యాయము ముగియకముందే విరోధుల మాట విని ఆ జనులే పౌలును రాళ్లతో కొట్టిరి. పూదండకును రాతికిని నడుమ దూరము ఎంత తక్కువ! మనిషిని మనిషిగా చూడనివాడు ఆరాధించినను అపాయమే, ద్వేషించినను అపాయమే. రెంటికిని మూలము ఒకటే. తన జట్టు క్రీడాకారిణిని ఆకాశమునకెత్తి, ఎదుటి జట్టు స్త్రీలను వారి చర్మపు రంగునుబట్టి దూషించు మాటలు మిక్కుటము కాగా, 2024 సెప్టెంబరులో ఆ లీగే వాటిని బహిరంగముగా ఖండించవలసి వచ్చెను. 2025లో ఆట నడుమ కొందరు, చెప్పుటకు సిగ్గైన వస్తువులను క్రీడాస్థలములోనికి విసరిరి. టిక్కెట్టు కొన్నవారమే గదా అని వారు తలంచియుందురు.

ఇప్పుడు కష్టమైన సంగతికి వచ్చెదము. కేవలము చెడ్డవారిని నిందించినచో మన హృదయమును మనము పరీక్షించుకొన్నట్లు కాదు. మంచి అభిమానుల సంగతి ఏమి?

మాయా మూర్ అను స్త్రీ 2011లో మిన్నెసోటా జట్టున చేరెను. ఆ జట్టు 2011, 2013, 2015, 2017 సంవత్సరములలో నాలుగు మారులు విజేతగా నిలిచెను. 2014లో ఆమె లీగు అంతటిలో శ్రేష్ఠురాలిగా ఎన్నుకొనబడెను. ఆమె విశ్వాసురాలు, తన విశ్వాసమును దాచుకొనలేదు. 2019 ఫిబ్రవరిలో, ఇరువదితొమ్మిదేండ్ల వయస్సున, బలము తగ్గకయే, ఆ యేట ఆడనని ఆమె ప్రకటించెను. తరువాత దాని కారణము లోకమునకు తేటపడెను. మిస్సోరి రాష్ట్రపు చెఱసాలలో జోనాథన్ ఐరన్స్ అను మనుష్యుడుండెను. 1997లో జరిగిన దొంగతనము, కాల్పుల నేరము అతనిపై మోపబడినప్పుడు అతని వయస్సు 16 ఏండ్లు. ఏబది యేండ్ల శిక్ష విధింపబడెను. ఆమె బంధువులు చెఱసాల పరిచర్యవలన అతనిని ఎరిగిరి. వారివలన ఆమెయు ఎరిగెను. అతడు నిర్దోషియని నమ్మి, అతని విడుదలకై పాటుపడుటకు ఆమె ఆటను విడిచెను.

ఆమెను ప్రేమించిన జనులు ఏమనుకొనియుందురు? దేవుడిచ్చిన తలాంతును ఈమె పాతిపెట్టుచున్నది గదా అని ఎవరికైనను తోచును. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. ఆమెను చూచి ఎందరో ఆడపిల్లలు బంతి పట్టిరి. వారికి ఆమె ఋణపడి యుండలేదా? మత్తయి 25వ అధ్యాయములో తలాంతును దాచిన దాసుని గతి మనమెరుగుదుము.

మేమును మొదట ఇట్లే తలంచితిమి. అయితే ఆ అధ్యాయమును ముగింపువరకు చదివినప్పుడు మాకు రెండు సంగతులు కనబడెను. మొదటిది, ఆ ఉపమానములో లెక్క అడిగినవాడు తలాంతు ఇచ్చిన యజమానుడు. వీధిలో నిలిచి చూచినవారు లెక్క అడుగలేదు. పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు మనమెవరమని రోమా పత్రిక 14వ అధ్యాయము కూడ మనలను అడుగుచున్నది. రెండవది, తలాంతుల ఉపమానము ముగిసిన వెంటనే అదే అధ్యాయములో మహిమ సింహాసనాసీనుడైన రాజు జనములను వేరుపరచు దర్శనమున్నది. అక్కడ ఆయన ఆకలిగొనినవారిని, పరదేశులను, రోగులను, చెఱలోనున్నవారిని గూర్చి అడుగుచున్నాడు. చెఱలోనున్న నా యొద్దకు వచ్చితివా అను ప్రశ్నయే అక్కడ ప్రధానము. బంతి ఎన్ని మారులు బుట్టలో వేసితివని ఆయన అడుగడు. ఆమె తన తలాంతును పాతిపెట్టలేదు. దానివలన వచ్చిన పేరును, వినువారిని, బలమును చెఱసాల ద్వారమునకు తీసికొనిపోయెను.

2020 మార్చిలో న్యాయాధిపతి ఆ శిక్షను కొట్టివేసెను. వాదించువారికి అందనీయని వ్రేలిముద్రల నివేదిక ఒకటి అందుకు ముఖ్యకారణమాయెను. 2020 జూలై 1న, ఇరువది మూడేండ్ల చెఱ తరువాత, అతడు బయటికి వచ్చెను. ద్వారము వెలుపల ఎదురుచూచుచున్న ఆమె మోకాళ్లపై పడెను. ఆ సంవత్సరమే వారు వివాహము చేసికొనిరి. 2023 జనవరిలో ఆటనుండి పూర్తిగా విరమించుకొనుచున్నానని ఆమె చెప్పెను. 2025లో, నైస్మిత్ పేరు పెట్టబడి స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే యున్న కీర్తి మందిరమున ఆమెకు స్థానమీయబడెను. అయితే ఒక మాట. అతడు విడుదల పొందకపోయినను, మందిరమువారు ఆమెను మరచినను, ఆమె చేసినది సరియైనదే యగును. ఫలమునుబట్టి కాక పిలుపునుబట్టి విధేయత కొలువబడును.

మెప్పు ఎట్లుండవలెనో చూపు మాదిరి కూడ ఈ ఆటలోనే కలదు. పైన చెప్పిన బ్రిట్నీ గ్రైనర్ 2022 ఫిబ్రవరిలో రష్యా దేశమున చెఱపట్టబడెను. నిషిద్ధ పదార్థము సామానులో దొరికినదని నేరము. ఆమె తప్పు ఒప్పుకొనెను. తొమ్మిదేండ్ల శిక్ష పడెను. ఆ నెలలలో ఆమెను ఎన్నడును దగ్గరగా చూడనివారు ఉత్తరములు వ్రాసిరి. ఆమె వారికొరకు ఆడుట లేదు, సంతకము పెట్టుట లేదు, చిరునవ్వైనను చూపలేదు. అయినను వ్రాసిరి. 2022 డిసెంబరు 8న విడుదలయైన పిమ్మట ఆమె వారికి కృతజ్ఞత చెప్పి, అక్కడనే ఇంక చెఱలోనున్న పాల్ వీలన్ అను అమెరికా దేశస్థునికి ఉత్తరములు వ్రాయుడని జనులను వేడుకొనెను. పొందిన ఆదరణను ఇతరులవైపు త్రిప్పెను. అతడును 2024 ఆగస్టులో విడుదలాయెను. చెఱలోనున్నవారు నిర్దోషులేనా అని మొదట విచారించి రమ్మని ప్రభువు చెప్పలేదనుటయు మనము గమనింపవలెను.

కాబట్టి మెచ్చుకొనుట పాపము కాదు. మంచి వరమును చూచి సంతోషించుట దానినిచ్చినవానికి స్తుతియే. అయితే నిజమైన మెప్పు కృతజ్ఞత చెప్పి చేయి వదలును. చెడ్డ మెప్పు కృతజ్ఞత చెప్పి చేయి బిగించును.

దూరదేశపు సంగతి గదా అని పత్రికను మడిచి పెట్టకుడి. మహాసభలలో ప్రసంగము ముగిసిన దైవజనుని భోజనమునకైనను పోనీయక మనము చుట్టుకొనలేదా? పలుకరింపలేదని నొచ్చుకొని, ఇంటికి వచ్చునప్పటికి అతనిని గర్విష్ఠిగా చేయలేదా? మంచి స్వరము గల ఆడపడుచు ఒక ఆదివారము పాడకపోయినచో ఆమె ఇంట రోగియున్నదేమోయని అడిగితిమా, లేక బిగువు అనుకొంటిమా? మన మెప్పుపొందినవారిలో ఒకరు నేడు మంచము పట్టియున్నారేమో. ఇప్పుడు వారు మనకేమియు ఈయలేరు. ఇప్పుడు వారి యొద్దకు పోవుదమా?

ప్రార్థన: ప్రభువా, గుంపులో ఒక్కరిని గుర్తించిన నీ చూపును మాకు దయచేయుము. నీవిచ్చిన వరములను ఇతరులలో చూచి సంతోషించుటకును, వారిని నీ చేతిలో విడిచిపెట్టుటకును మాకు నేర్పుము. ఆమేన్.