మరణమును కోరు హక్కు

మానవజన్మ దుర్లభమని పెద్దలు చెప్పుదురు. అయితే తీరని వ్యాధితో నలిగిపోవు మనిషి, "ఇక చాలును, పోవుటకు సాయము చేయుడు" అని వేడుకొన్నచో ఏమి చెప్పవలెను? లీసెస్టర్ నగరమున వృద్ధులైన తల్లిదండ్రులను కనిపెట్టుకొనియున్న తెలుగు కుటుంబములకు ఇది దూరపు ప్రశ్న కాదు.

ఇంగ్లండులో 1961 నాటి చట్టము ఆత్మహత్యను నేరముల నుండి తొలగించెను. కాని అందుకు తోడ్పడినవారికి 14 ఏండ్ల వరకు శిక్ష విధించెను. కదలలేని స్థితిలోనున్న డయాన్ ప్రెట్టి అను స్త్రీ, తన మరణమునకు తోడ్పడు భర్తను శిక్షింపరాదని కోరెను. జీవించు హక్కులో మరణించు హక్కు ఇమిడి లేదనియు, దుర్బలుల రక్షణకై ఈ నిషేధము సమంజసమనియు 2002 ఏప్రిల్ 29న ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము తీర్పు చెప్పెను.

తెలుగునాట సైతము ఇట్టి మొర వినబడెను. 2004లో హైదరాబాదున, కండరములు క్షీణించు వ్యాధికి గురియైన చదరంగ క్రీడాకారుడు వెంకటేశ్, తన అవయవములు ఇతరులకు ఉపయోగపడునట్లు ముందుగానే మరణింపగోరెను. ఉన్నత న్యాయస్థానము అంగీకరింపలేదు. ఆ డిసెంబరులోనే ఆయన కన్నుమూసెను. ఆయన కోరినది పలాయనము కాదు, దానము.

బ్రిటనులో 2025 జూన్ 20న, ఆరు నెలలకు మించి బ్రదుకరని వైద్యులు చెప్పిన రోగులకు ఇట్టి సాయము నొసగు బిల్లును కామన్సు సభ 314 - 291 ఓట్లతో ఆమోదించెను. అయినను ఓట్ల లెక్కతో ధర్మసందేహము తీరదు.

ఈ విషయమున తోటల సంతతికి ఒక ప్రత్యేకమైన జ్ఞాపకము కలదు. 1860 నుండి మదరాసు రేవున ఓడలెక్కి నేటాలుకు పోయిన పూర్వులు ఒప్పంద పత్రముపై నిశానీ చేసిరి. కాగితముపై అది స్వేచ్ఛ. ఆకలి పలికించిన సమ్మతి అది. నేటాలులోను, ఫిజీలోను అనేక కూలీలు ఆత్మహత్య చేసికొనిరి. దానిని మరణేచ్ఛ యనవలెనా, దిక్కులేనితనమనవలెనా?

కావున "పిల్లలకు బరువైతిని, పోనిండు" అను తల్లి మాటను వెంటనే సమ్మతిగా గ్రహింపరాదు. ప్రక్కన కూర్చుండు మనిషియు, నొప్పి తగ్గించు వైద్యమును, నగరమందలి లోరోస్ హాస్పిస్ వంటి సేవయు లభించిన పిమ్మటనే ఆమె కోరిక నిజముగా ఆమెది యగును. ఇవన్నియు లభించియు అదే మాట పలుకువారిని పిరికివారనుటయు, పాపులనుటయు తగదు.

చట్టము ఎటు తిరిగినను, ఇంటి పెద్దల చెంత కూర్చుండి, వారి భయమేమో, వారు కోరు వైద్యమేమో, వద్దను వైద్యమేమో, మాటాడగల దినములలోనే అడిగి తెలిసికొనుట ప్రతి కుటుంబము ధర్మము.