వెనక్కి ఎక్కిన కారు

విశాఖపట్నంలో ఒకాయన షెడ్డులో రెండు కార్లుండేవి. ఒకటి 1924 నాటి ఫోర్డ్ మోడల్ టి టూరింగ్. 20 గుర్రాల ఇంజను, ముందుకు రెండే గేర్లు. సాఫీ రోడ్డు దొరికితే గంటకు 65 కిలోమీటర్లు, అదీ ఆయాసపడుతూ. రెండోది నిరుడు కొన్న స్పోర్ట్స్ కారు. 500 గుర్రాలు, మూడున్నర సెకన్లలో వంద దాటేస్తుంది.

"తాతా, నీకు పెట్రోలు తోడే పంపు కూడా లేదటగా?" అని కొత్తది రోజూ ఎకసెక్కమాడేది.

"లేదురా మనవడా. ట్యాంకు సీటు కింద ఉంది. దానంతటదే ఇంజనులోకి జారుతుంది."

శ్రావణంలో అనంతగిరి కాఫీ తోటల్లో ఓ పెళ్లికి రెండూ బయల్దేరాయి. కొత్తది ఘాట్ రోడ్డును గుక్కతిప్పుకోకుండా ఎక్కేసింది. పాతది రెండుచోట్ల ఆగి రేడియేటర్‌లో నీళ్లు పోయించుకుంది.

తోటకు మలుపు తిరగ్గానే తారు అయిపోయింది. రాత్రి వానకు బాట రెండు గాళ్లుగా కోసుకుపోయి, నడుమ మట్టి గట్టు లేచింది. నేలకు బెత్తెడు ఎత్తున నడిచే స్పోర్ట్స్ కారు పొట్ట ఆ గట్టుమీద కూర్చుంది. చక్రాలు తిరిగాయి, బురద ఎగిరింది, కారు మాత్రం కదల్లేదు.

సాయంత్రానికి తాత వచ్చాడు. పొడుగాటి సన్న చక్రాలు, జానెడు దాటిన ఎత్తు. పక్కనుంచి దాటేశాడు. ఆపైన నిట్టనిలువు ఎత్తు. డ్రైవరు కారును తిప్పి, రివర్సులో ఎక్కించడం మొదలెట్టాడు. బురదలోంచే నవ్వింది కొత్తది. "ఏంటి తాతా, పెళ్లికి వీపు చూపిస్తూ పోతున్నావ్?"

"నీరు పల్లమెరుగు అంటారు కదా, పెట్రోలూ అంతేరా. ముక్కు పైకి లేస్తే ట్యాంకు కిందైపోయి ఇంజను గొంతు ఎండిపోతుంది. ఇలాగైతే ట్యాంకే పైన. పైగా నా గేర్లన్నిట్లో బలమైంది రివర్సే."

పెళ్లికొడుకు ఊరేగింపు తాత మీదే జరిగింది.

మర్నాడు ట్రాక్టరు పెట్టి కొత్తదాన్ని లాగారు. దిగువ ఘాట్‌లో మలుపు దగ్గర ఆవు అడ్డమొస్తే, అది నాలుగు చక్రాలూ అదిమిపట్టి టక్కున ఆగింది. ఆవుకు గీత పడలేదు. షెడ్డుకు చేరాక ఆ సంగతి విన్న తాత కాసేపు మాట్లాడలేదు. "నా బ్రేకులతో అయితే ఆ ఆవు దక్కేది కాదురా" అన్నాడు చివరికి.

నీతి: ఏ బండైనా తను పుట్టిన కాలపు రోడ్డుకు తగ్గట్టే తయారవుతుంది. మన రోడ్డు మీద నిలబడి ఇంకొకరి నడకను వెక్కిరిస్తే, ఆ నడకలోని లెక్క మనకు అందదు. పాతదంతా బంగారమనీ కాదు, ఆవును అడగండి.

1908 నుంచి 1927 దాకా మోడల్ టి కార్లు కోటిన్నరకు పైగా తయారయ్యాయి. పాత కార్ల ప్రదర్శనలో ఎక్కడైనా కనిపిస్తే, ముందు సీటు ఎత్తి ట్యాంకు చూపించమని అడగండి.