విమర్శా? అపనిందా?



రేషను బియ్యం తూకంలో తగ్గినా, పట్టాదారు పుస్తకం కోసం నెలల తరబడి తిరగవలసి వచ్చినా, పూర్వం మనం అరుగు మీద కూర్చుని నలుగురితో చెప్పుకునేవాళ్లం. ఆ మాట ఊరి పొలిమేర దాటేది కాదు. నేడు అదే మాట సెల్‌ఫోనులో రాసి పంపితే గంట తిరిగేలోగా జిల్లా అంతా పాకుతోంది. అధికారుల తప్పును బయటపెట్టడానికి సామాన్యునికి ఇది గొప్ప సాధనం. ఒక మనిషి పరువు తీయడానికి కూడా ఇంతకన్నా సులువైన సాధనం లేదు. మరి మనం ఎంతవరకు మాట్లాడవచ్చు?

మొదట చట్టం ఏమంటున్నదో చూద్దాం. రాజ్యాంగం 19వ అధికరణం మనకు వాక్ స్వాతంత్ర్యాన్ని ఇచ్చింది. పరువు నష్టం వంటి కారణాలపై సముచితమైన పరిమితులను కూడా అనుమతించింది. 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీం కోర్టు ఒక ముఖ్యమైన సూత్రం చెప్పింది. విధి నిర్వహణపై వచ్చిన విమర్శకు, అందులో పొరపాటు ఉన్నాసరే, ప్రభుత్వాధికారి నష్టపరిహారం కోరలేడు. రాసినవారు నిజానిజాలను లెక్కచేయలేదని గాని, పగతో అబద్ధం రాశారని గాని రుజువైతేనే కోరగలడు. 2015 మార్చి 24న అదే కోర్టు సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌ను కొట్టివేసింది. చికాకు కలిగించే సందేశానికి సైతం మూడేళ్ల వరకు జైలు విధించగల సెక్షన్ అది.

అంతమాత్రాన ఏమైనా రాయవచ్చని అనుకోరాదు. పరువు నష్టాన్ని నేరంగా పరిగణించడం రాజ్యాంగబద్ధమేనని 2016లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. అధికారి విధి నిర్వహణపై సదుద్దేశంతో చెప్పిన అభిప్రాయానికి అందులో మినహాయింపు ఉంది. నిజమైన ఆరోపణకూ మినహాయింపు ఉంది గాని, దాన్ని వెల్లడించడం ప్రజాహితం కోసమై ఉండాలి.

ఇక మన అంతరాత్మను అడుగుదాం. "వేసిన రోడ్డు ఆరు నెలలకే గుంటలు పడింది, లెక్కలు చూపండి" అనడం విమర్శ. "ఇంజనీరు లంచం తిన్నాడు" అనడం ఆరోపణ. దానికి రుజువు కావాలి. ఆయన కులాన్ని, కుటుంబాన్ని వీధికీడ్చడం దూషణ. దానికి ఏ రుజువూ సమర్థన కాదు. "నిప్పు లేనిదే పొగ రాదు" అంటాం. ఆ పొగను ఊదుతున్నది మనమే అయితే? "నేను రాయలేదు, ఎవరో పంపితే పంపాను" అంటాం. చేతులు మారినంత మాత్రాన అబద్ధం నిజమవుతుందా?

మరొక సంగతి. మంత్రిపై నింద పడితే సాయంత్రానికల్లా విలేఖరులను పిలిచి జవాబు చెప్పగలడు. పంచాయతీ ఆఫీసు గుమాస్తా ఎవరిని పిలవగలడు? తప్పుడు నింద పడినా, మర్నాడు బడిలో తల దించుకునేది ఆయన బిడ్డ. కనుక బలహీనుని గురించి రాసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. కాని మనం చేస్తున్నదేమిటి? మంత్రి దగ్గర నోరు మెదపం, గుమాస్తాను చీల్చి చెండాడతాం. అది ధైర్యం కాదు.

పదవుల్లో ఉన్నవారు కూడా ఆలోచించాలి. ప్రశ్నించినవారి ఇంటికి పోలీసులను పంపితే, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టే ఉంటుంది. లెక్కలు చూపితే సగం పుకార్లు వాటంతటవే చస్తాయి. జనం భయపడి నోరు మూసుకుంటే నష్టపోయేది తూకంలో బియ్యం తగ్గిన ఆ పేదరాలే.

మనకు 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తు పెడితే మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ముందు అడగండి, కాగితం చేతికి వచ్చాక రాయండి. రాసింది తప్పని తేలితే, ఎక్కడ రాశారో అక్కడే, ఎందరికి పంపారో అందరికీ సవరణ పంపండి. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమన్నారు పెద్దలు. వారు మాట్లాడవద్దని చెప్పలేదు. చూసి అడుగు వేసినట్టే చూసి మాట్లాడమన్నారు.