మ్యాటర్ రాకుండా లేఅవుట్ వేయకు

హైదరాబాద్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ వెబ్‌సైట్‌కి వేసిన కొత్త డిజైన్ చూశాను. రంగుల కూర్పు బాగుంది. ఫోన్‌లో తెరిచినా ఎక్కడా చెదరలేదు. మెనూని ఒక్క వరుసకి కుదించడం మంచి ఆలోచన. కానీ నీ వ్యాసాలు ఉండాల్సిన చోట లాటిన్ డమ్మీ మ్యాటర్ పోసి ఉంది. కిందటిసారి చూపించిన దాంట్లోనూ అదే, అంతకుముందు దాంట్లోనూ అదే. “ముందు సైట్ ఒక కొలిక్కి రానీ మామయ్యా, తర్వాత తీరిగ్గా రాస్తాను” అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచీ నీకు ఈ ఉత్తరం రాయాలని ఉంది.

డిజైన్ మార్చుకోవడం మన డిజైనర్ల జాతికి పండగ. ఫాంటు మార్చి చూడటం, మార్జిన్ కాస్త లోపలికి జరపడం, ఆకుపచ్చలో చిటికెడు నీలం కలపడం, తెల్లవార్లూ చేసినా విసుగు రాదు. పని చేశామన్న తృప్తి కూడా దక్కుతుంది. రాయడానికి కూర్చుంటే ఆ సుఖం లేదు. నాలుగు వాక్యాలు పడేసరికి “ఇంతకీ దీని గురించి నాకేం తెలుసు?” అని లోపలి నుంచి ఎవరో నిలదీస్తారు. దానికి జవాబు చెప్పుకోలేక మనసు మళ్లీ ఫాంట్ల జాబితా దగ్గరికి పారిపోతుంది. రెండేళ్లకోసారి సైట్ ముఖం మార్చేసి, లోపల “త్వరలో” అన్న పేజీని అలాగే ఉంచేసినవాళ్లని ఈ వృత్తిలో చాలామందిని చూశాను. అందులో గొప్ప పనివాళ్లూ ఉన్నారు. వాళ్లకి తెలిసిందంతా వాళ్లతోనే పోతోంది. నీకు అలా జరగకూడదు.

నీ దగ్గర చెప్పడానికి ఏమీ లేదంటే నేను ఒప్పుకోను. మందుల స్ట్రిప్పు మీద గడువు తేదీ పెద్దవాళ్లకి ఎందుకు కనబడదో మీ అమ్మమ్మకి వివరించావు చూడు. మెరిసే రేకు మీద రంగు లేకుండా నొక్కిన అంకెలు వెలుతురు ఒక పక్క నుంచి పడితే తప్ప తేలవని, పైగా మాత్రలు ఒక కొస నుంచి చింపుకుంటూ వస్తే తేదీ ఉన్న ముక్కే ముందు పోతుందని. వింటున్నవాళ్లందరం మందుల డబ్బా తీసి చూసుకున్నాం. అది వ్యాసం కాకపోతే మరేది? నువ్వు మాట్లాడినంత సేపట్లో సగం రాసినా పేజీన్నర అయ్యేది.

డిజైనర్‌కి రాత దేనికి, బొమ్మే మాట్లాడుతుంది కదా అనేవాళ్లు నీ చుట్టూ ఉంటారు. వాళ్ల మాట వినకు. 1986లో స్టీవ్ జాబ్స్ తన నెక్స్ట్ కంపెనీ లోగో కోసం గ్రాఫిక్ డిజైనర్ పాల్ రాండ్ దగ్గరికి వెళ్లాడు. నాలుగైదు రకాలు చూపిస్తారా అని అడిగితే రాండ్ కుదరదన్నాడు. ఒక్కటే చేసిచ్చి లక్ష డాలర్లు తీసుకున్నాడు. మన కుర్రాళ్లంతా ఆ లక్ష డాలర్ల గురించే చెప్పుకుంటారు. లోగోతో పాటు జాబ్స్ చేతిలో రాండ్ పెట్టిన చిన్న పుస్తకం గురించి ఎక్కువమంది మాట్లాడరు. అందులో ఒక్కో మెట్టూ విడమరిచి రాశాడు. పేరులోని నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ పెద్దవైతే ‘ఎగ్జిట్’ బోర్డు తలపుకొచ్చే ప్రమాదం ఉందని, అందుకే ‘ఇ’ ఒక్కదాన్ని చిన్న అక్షరం చేశానని, నల్లటి ఘనం ఎందుకు, దానికి ఆ వాలు ఎందుకు అని. ఒక్క నమూనాతో నిలబడగలిగాడంటే ఆ ధైర్యం వెనక ఈ రాత ఉంది. కారణం మాటల్లో పెట్టలేకపోయిన నిర్ణయాన్ని క్లయింటు ముందు కాపాడుకోవడం కష్టం. “ఎందుకో అలా బాగుందనిపించిందండీ” అంటే, ఆయనకి ఇంకోలా బాగుందనిపిస్తుంది. అక్కడితో నీ పని అయిపోయినట్టే.

టైపోగ్రాఫర్ యాన్ చికోల్డ్ కథ ఇంకా లోతైంది. 1928లో, ఇరవయ్యారేళ్ల వయసులో, ఆయన కొత్త టైపోగ్రఫీ మీద ఒక పుస్తకం రాశాడు. పేజీ మధ్యకి సర్దిన పాతకాలపు అమరికలన్నీ తీసిపారేయమన్నాడు, కొసలు లేని సాదా అక్షరాలే ఈ యుగానికి తగినవన్నాడు. 1933లో నాజీలు ఆయన్ని అరెస్టు చేశారు. బయటపడి స్విట్జర్లాండ్ చేరాడు. తర్వాతి సంవత్సరాల్లో తన పాత వాదంలోని మొండితనం ఆయనకే నచ్చలేదు. తన పట్టుదలకీ తాను పారిపోయి వచ్చిన రాజ్యపు తత్త్వానికీ పోలిక ఉందని బాహాటంగా రాశాడు. 1947 నుంచి 1949 వరకు ఇంగ్లండ్‌లో పెంగ్విన్ పుస్తకాల పని చూసినప్పుడు, ఏ పాత పద్ధతిని తిట్టాడో ఆ పద్ధతిలోనే, పేజీ మధ్యకి సర్దిన అందమైన అట్టలు చేశాడు. కంపోజిటర్ల కోసం కొద్ది పేజీల నియమావళి రాసిపెట్టాడు. కామా తర్వాత ఎంత ఖాళీ వదలాలో కూడా పట్టించుకున్న మనిషి. ఆయన మనసు మారిందని మనకి ఎలా తెలిసింది? రెండు అభిప్రాయాలూ కాగితం మీద ఉన్నాయి కాబట్టి. మొదటిది రాయకపోయి ఉంటే రెండోదాన్ని అంత నిజాయితీగా చేరుకునేవాడు కాడని నా నమ్మకం.

అందుకే ఇంకో మాట. కొత్త సైట్ పెడుతున్నాను కదా అని కాలేజీలో రాసిన ఆ రెండు వ్యాసాల్ని తీసేస్తానన్నావు. తీయకు తల్లీ. ఇప్పుడు చదివితే సిగ్గేస్తోందన్నావు. కింద తేదీ వేసి ఉంచు, ఇప్పుడు ఇలా అనుకోవడం లేదని పైన ఒక వరుస కలుపు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. గురజాడ అక్కడితో ఊరుకోలేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. మధురవాణి నాటకానికి ప్రాణమైంది అక్కడే. దాన్ని నేను నిజమైన రీడిజైన్ అంటాను. పన్నెండేళ్లలో ఆయనకి మనుషుల గురించి తెలిసింది పెరిగింది, అది పాత చట్రంలో పట్టలేదు, చట్రం మారింది. పరిశోధకుడు బంగోరె శ్రమపడి మొదటి కూర్పుని మళ్లీ వెలుగులోకి తెచ్చాడు కాబట్టి, ఆ చేయి ఎలా ఎదిగిందో ఈ రోజు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడగలుగుతున్నాం. నీ సైట్‌లో ఏం పెరిగిందని చట్రం మారుస్తున్నావో నువ్వే చూసుకో.

మార్చక తప్పదనుకుంటే పాత లింకులు తెగకుండా మార్చు. వెబ్‌ని పుట్టించిన టిమ్ బెర్నర్స్ లీ 1998లోనే ఈ సంగతి మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. మంచి చిరునామా ఒకసారి ఇచ్చాక మారకూడదని దాని సారాంశం. ఆయన పనిచేసిన సెర్న్ సంస్థ, ప్రపంచపు మొట్టమొదటి వెబ్‌సైట్‌ని 2013లో మళ్లీ దాని పాత చిరునామాలోనే నిలబెట్టింది. ఇప్పటికీ తెరుచుకుంటుంది, చూడు. సాదా అక్షరాలు, నీలం లింకులు, అంతే. అదే మరోవైపు చూస్తే, ఒకప్పుడు డిజైనర్లు ఎంతో ముచ్చటపడి ఫ్లాష్‌లో కట్టుకున్న సైట్లన్నీ 2020 డిసెంబర్ 31తో అడోబీ చేయి వదిలేసరికి మూగబోయాయి. కదిలే అక్షరాల లోపల ఉన్న మాటల్ని వేరుగా దాచుకోనివాళ్లకి అవి పోయినట్టే. నీ మ్యాటర్ అంతా సాదా టెక్స్ట్ ఫైళ్లలో ఒక కాపీ ఉంచుకో. ఎవరో విద్యార్థి నీ పేజీ లింకుని తన ప్రాజెక్టు రిపోర్టులో రాసుకుని ఉంటాడు. అది నొక్కితే ఖాళీ పేజీ రాకూడదు. పేజీ చోటు మారితే రీడైరెక్ట్ పెట్టు, పది నిమిషాల పని.

ప్రతి ఏప్రిల్ 9న కొందరు వెబ్ డిజైనర్లు తమ సైట్ల నుంచి సీఎస్‌ఎస్ అంతా తీసేసి ఒక రోజంతా అలాగే వదిలేస్తారు. 2006లో మొదలైన ఆనవాయితీ. రంగులూ గడులూ పోయాక మిగిలేది శీర్షిక, పేరా, లింకు. ఆ పరీక్ష నీ సైట్‌కి ఈ రోజే పెట్టు. చదవడానికి ఏదైనా మిగిలితే ఆ మిగిలినదానికి బట్టలు కుట్టు.

ఇక తెలుగు. ఇంగ్లీషులో రాస్తే నలుగురూ చూస్తారన్నావు, రాయి, తప్పులేదు. కానీ మూడింట ఒకటైనా తెలుగులో రాయి. విజయవాడలోనో వరంగల్‌లోనో డీటీపీ సెంటర్లో పెళ్లి శుభలేఖలు చేసుకుంటూ పని నేర్చుకుంటున్న కుర్రాడికి ఖాళీ జాగా విలువ చెప్పే తెలుగు పేజీ ఎక్కడుంది? అతను బాపు అక్షరాల్ని చూసి వంపు నేర్చుకున్నాడు, ఆపరేటర్ పక్కన కూర్చుని షార్ట్‌కట్లు నేర్చుకున్నాడు. ఎందుకు అలా చేయాలో ఎవరూ రాసిపెట్టలేదు. నువ్వు రాయగలవు.

తెలుగు పెట్టేటప్పుడు ఇంగ్లీషు కొలతలు అలాగే వాడకు. నీ డిజైన్‌లో లైన్ హైట్ తక్కువగా ఉంది. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘జ్యోత్స్న’ అని మూడు మాటలు టైప్ చేసి చూడు. పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. లైన్ హైట్ 1.7 దాకా ఇస్తే కళ్లు తేలికపడతాయి. నొక్కి చెప్పాలని అక్షరాల్ని పక్కకి వాల్చకు. మన లిపికి ఆ అలవాటు లేదు, బ్రౌజర్ మరతో వంచినట్టు వంచుతుంది. అక్షరాల మధ్య దూరం లాగకు. లేత బూడిద రంగు అక్షరాలు నీ స్క్రీన్ మీద సొగసుగానే ఉన్నాయి, మీ నాన్న ఫోన్‌లో ఎండలో చదివించి చూడు. అక్షరానికీ వెనక రంగుకీ కనీసం 4.5కి 1 తేడా ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. అది కంటిచూపు తగ్గినవాళ్ల హక్కు అనుకుని పాటించు.

అన్నిటికంటే ముఖ్యం, తెలుగుని యూనికోడ్‌లోనే టైప్ చెయ్యి. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే మన లిపికి చోటు దొరికింది, అయినా అచ్చు పనుల్లో పాత డీటీపీ ఫాంట్లు రాజ్యమేలాయి, ఇప్పటికీ ఏలుతున్నాయి. ఆ ఫైళ్లలో కంటికి కనబడేది తెలుగు, లోపల ఉన్నది రోమన్ అక్షరాల గందరగోళం. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాదు, వెతికితే దొరకదు. ఎందరో రచయితల కథలూ నవలలూ అలాంటి ఫైళ్లలో ఇరుక్కుపోయి ఉన్నాయి. తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

చివరిగా, మామయ్యగా కాస్త గట్టిగా చెప్పాల్సిన సంగతి. నీ పనుల పేజీలో ప్రతి ప్రాజెక్టు కిందా “నేను చేశాను” అని ఉంది. ఆ బియ్యం బస్తా డిజైన్‌కి ఫోటో ఎవరు తీశారు? తెలుగు అక్షరాలు చేత్తో రాసిందెవరు? ప్రూఫ్ చూసినవాళ్లు? ప్రెస్సులో నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టిన మనిషి? అందరి పేర్లూ అడిగి, వాళ్లకి ఇష్టమైతే రాయి. శీర్షికలకి మండలి ఫాంటు వాడావు. పురుషోత్ కుమార్ గుత్తుల చేశారు దాన్ని, సిలికానాంధ్ర అందరికీ ఉచితంగా ఇచ్చింది. అడుగున ఒక వరుసలో ఆ సంగతి చెప్పు. ఎవరూ అడగకుండా సరదాకి చేసిన లోగోలను నిజం పనుల మధ్య కలిపేశావు. వాటిని వేరు చేసి, ఊహించి చేసినవని స్పష్టంగా రాయి. బియ్యం బస్తా కింద “దీనివల్ల అమ్మకాలు పెరిగాయి” అన్న వాక్యం తీసెయ్యి. ఆ లెక్క నీ దగ్గర లేదు, ఆ ఏడు ధర తగ్గించడం వల్ల పెరిగాయో ఏమో. నీకు తెలిసింది మాత్రం రాయి: పాత బస్తా మీద బియ్యం రకం ఆరడుగుల దూరం నుంచి కనబడేది కాదు, కొత్తదాని మీద కనబడుతోంది. ఆ ఒక్క వాక్యం చదివి నిన్ను నమ్మి పని ఇచ్చే క్లయింటు, నీతో పదేళ్లు ఉంటాడు.

ఎంతమంది చూశారని లెక్కలు చూసుకోకు, కనీసం మొదటి ఏడాది. రోజూ రాయమని కూడా అనను. ఒక పని ముగిసిన వారంలో, జ్ఞాపకం చల్లారకముందే, ఏం అనుకుని మొదలుపెట్టావో ఏం తేలిందో రాసుకో. అందులో బయటపెట్టదగినది బయటపెట్టు. క్లయింటు రహస్యాలు రహస్యాలుగానే ఉండనీ.

బియ్యం బస్తా గురించే మొదటిది రాసి నాకు పంపు. పీడీఎఫ్ వద్దు, లేఅవుట్ వద్దు, మామూలు మెయిల్లో టైప్ చేసి పంపు. ప్రింటు తీసి ఎర్రసిరాతో దిద్ది ఫోటో పెడతాను. అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

ఉంటాను,
మీ మామయ్య