నివేదనము - మితాహారము

ఇంద్రియములలో జయింప మిక్కిలి కష్టమైనది ఏది అను ప్రశ్నకు శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత చెప్పిన సమాధానము కలదు. ఆహారము మానినచో ఇతరేంద్రియములు అణగును గాని, జిహ్వ మాత్రము మరింత విజృంభించుననియు, రసమును జయించినవాడే సర్వమును జయించినవాడనియు ఆయన యదుమహారాజునకు బోధించెను. గాలమునకు గ్రుచ్చిన ఎరకు లోబడి ప్రాణము కోల్పోవు చేపను ఈ విషయమున తనకు గురువుగా చెప్పుకొనెను.

ఈ దృష్టాంతమున ఒక ధర్మసూక్ష్మము కలదు. చేప చపలమైనదే, కాని గాలము వేసినవాడు కూడ ఒకడున్నాడు. ఏ ఎరకు చేప వచ్చునో ఎరిగియే వాడు దానిని గ్రుచ్చినాడు. నేటి అతిభోజన దోషమును విచారించునపుడు ఈ రెండవ సంగతిని మరువరాదు.

సింహాచలమున శ్రీ వరాహ లక్ష్మీనృసింహస్వామిని సేవించిన యాత్రికులలో పలువురు అటనుండి అనంతగిరి మీదుగా అరకు లోయకు పోవుదురు. తూర్పు కనుమలలోని ఈ సీమ 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. భగతలు, కొండదొరలు, కోదులు, పోర్జలు, గదబలు, వాల్మీకులు మున్నగు గిరిజనులు ఇట నివసించుచున్నారు. సామలు, కొర్రలు, చోళ్ళు, కందులు వారి తాతతండ్రుల నాటి పంటలు. చోడి అంబలిని ఎండిన ఆనపకాయ బుర్రలో పోసికొని కొండపోడునకు పోవుట పెద్దలనాటి అలవాటు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా జరిపి లోకమునకు గుర్తుచేసిన ధాన్యములలోనివే ఈ సామలు, కొర్రలు, చోళ్ళు.

వీరి ఆచారములలో వైష్ణవ గృహస్థు తప్పక గమనింపదగినది కొత్తల పండుగ. కొర్ర కొత్త, మామిడి కొత్త అని ఆయా పంటలకు వేరువేరుగా దీనిని జరుపుదురు. పంట చేతికి వచ్చినను, దేవతకు సమర్పించి పండుగ చేసికొనువరకు దానిని నోట పెట్టరు. చెట్టున పండు కంటికి ఇంపుగా కనబడుచున్నను చేయి నిలుచును. పెరుమాళ్ళకు ఆరగింపు కానిది భుజింపరాదను శ్రీవైష్ణవ నియమమునకును దీనికిని భావమున భేదము లేదు. పండిన వస్తువునకును తినువాని నోటికిని నడుమ రెండు సంప్రదాయములును ఒక గడప నిలిపినవి. ఆ గడపయొద్ద మనుజుడు క్షణకాలము ఆగి, ఇది ఎవరిది, నాకెంత కావలెను అని తలచును. మితము పుట్టునది ఆ క్షణముననే.

నేడు కొండ ఊళ్ళ చిన్న దుకాణములలో సైతము బిస్కెట్లు, చిప్సు, నూడుల్సు, తీపి పానీయములు రంగురంగుల ప్యాకెట్లుగను సీసాలుగను అమ్ముడగుచున్నవి. పట్టణ గృహముల సంగతి చెప్పనక్కరలేదు. ఈ ప్యాకెట్టునకు ఋతువు లేదు, కొత్త లేదు, ఆరగింపు లేదు. దానిని చింపిన చేయి తిన్నగా నోటికి పోవును.

దీని ఫలమును పరీక్షించి చూచినవారు కలరు. 2019లో అమెరికా దేశపు జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన కెవిన్ హాల్ మున్నగు పరిశోధకులు తమ ప్రయోగ ఫలితమును ప్రకటించిరి. వారు 20 మందిని నాలుగు వారములు తమయొద్ద ఉంచుకొని, రెండు వారములు కర్మాగారములలో మిక్కిలిగా మార్పుచెందిన ఆహారమును, రెండు వారములు సహజాహారమును పెట్టిరి. వడ్డించిన దానిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింటను సమానముగా ఉండునట్లు చూచి, ఎంత తినవలెనో వారి ఇచ్ఛకు వదలిరి. మొదటి ఆహారము తిన్న దినములలో వారు రోజునకు సుమారు 500 కేలరీలు అధికముగా భుజించిరి, త్వరత్వరగా భుజించిరి, బరువు సుమారు 900 గ్రాములు పెరిగిరి. సహజాహారముతో దాదాపు అంతయే తగ్గిరి. మనుష్యులు వారే, జిహ్వలు అవియే. ఆహారము మాత్రమే మారినది.

కారణము ఊహింపరానిది కాదు. ఇట్టి పదార్థము మెత్తనిది గాన నమలు పని తక్కువ. చిన్న ముద్దలోనే శక్తి అధికము. తీపి, ఉప్పు, కొవ్వు కలిసి నాలుకను విడువవు. కడుపు నిండినదన్న కబురు మెదడునకు చేరులోపల ప్యాకెట్టు ఖాళీ యగును.

అట్లైన తినువాని దోషమేమియు లేదా? ఉన్నది, కాని అది ఉన్న చోటు వేరు. భగవద్రామానుజులు శ్రీభాష్యమున భక్తికి సాధనములైన ఏడింటిలో వివేకమును మొదట చెప్పిరి. జాతి, ఆశ్రయ, నిమిత్త దోషములు లేని ఆహారముచే దేహమును శుద్ధి చేసికొనుటయే అచట వివేకమనబడినది. ఈ వివేకము నోరు కదలుచుండగా మేల్కొనిన ప్రయోజనము స్వల్పము. ప్యాకెట్టు చింపిన పిమ్మట జిహ్వతో పోరు కష్టము. దుకాణము ముందు పోరు సులభము. కావున నియమమును కొనునపుడే పాటింపవలెను.

ఇంటికి తెచ్చిన దేదైనను పళ్ళెమున పెట్టి స్వామికి నివేదింపదగునా అని ప్రశ్నించుకొనవలెను. తగదని తోచినది ఇంటికి రానక్కరలేదు. అటుకులు, అప్పడములు, ఊరగాయలు కూడ నిలువ పదార్థములే యైనను ఇంటి వంటలో వాటికొక కొలత ఉన్నది. ప్రసాదపు లడ్డు తీయనిదే. అయినను దానిని చిదిమి పదిమందికి పంచి తినుట మన మర్యాద. కూర్చుండి, నమలి, ఇతర వ్యాపకము లేక భుజింపవలెను. కడుపున సగము అన్నమునకు, పాతిక నీటికి విడిచి, మిగిలిన పాతికను వాయువునకు ఖాళీగా ఉంచుమని అష్టాంగహృదయము చెప్పినది. ఏకాదశినాడు అన్నము మాని చిప్సు తినుట ఉపవాసము కానేరదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో సైతము ఇట్టి ఆహారమును తగ్గింపుమని కలదు.

యాత్రికులు తలపవలసిన మాట ఇంకొకటి ఉన్నది. దారిప్రక్క నిలిచిన కొండపిల్లలకు దయతో బిస్కెట్ల, చిప్సుల ప్యాకెట్లు పంచువారు కలరు. వారి ఉద్దేశము మంచిదే. కాని కొండలలో పోషణ చాలని పిల్లలు ఉన్నారు. ఆ చిన్న కడుపు చిప్సుతో నిండినచో అంబలికి, పప్పునకు చోటుండదు. ఆకలి తీరినట్లు తోచును గాని బలము చేకూరదు. తన మనుమనికి వలదని దాచిన వస్తువును పరుల బిడ్డకు దానమిచ్చుట ధర్మమగునా? దానమున దేశకాలపాత్రములను చూడవలెనని గీతాచార్యుడు చెప్పియున్నాడు. సంతలో గిరిజన స్త్రీ అమ్ము సీతాఫలములనో అనాసపండునో కొని, ఆ పండునే బిడ్డల చేత పెట్టినచో ఇద్దరికిని మేలగును. తిరుగు ప్రయాణమున సామలు, పసుపు కొని తెచ్చుకొనవచ్చును.

ఆనాడు ఇంట సామలతో పొంగలి వండి పెరుమాళ్ళకు ఆరగింపు చేసిన పిదప, ఆ ప్రసాదమును కుటుంబమంతయు కలిసి మితముగా స్వీకరించునుగాక. సింహాద్రినాథుడు మనకును, కొండలలోని బిడ్డలకును చాలినంత అన్నమును, చాలునను బుద్ధిని అనుగ్రహించుగాక.