వెతికినవారిదా, మొక్కినవారిదా?

మా సాయంకాలపు తెలుగు తరగతిలో పెద్దలమూ పిల్లలమూ కలిసే కూర్చుంటాము. ఒకనాడు ‘నిధి’ అనే మాటతో వాక్యం చెప్పమని గురువుగారు అడిగితే, పదకొండేళ్ళ బాలుడొకడు ఇండియానా జోన్స్ కథ అందుకొన్నాడు. నెత్తిన టోపీ, చేత కొరడాతో ఆ పురావస్తు పండితుడు దేశదేశాలు తిరిగి ప్రాచీనమైన పవిత్ర వస్తువులను వెతుకుతాడు. 1981లో వచ్చిన మొదటి చిత్రంలో యూదుల పవిత్ర మందసం కోసం వెతుకుతాడు. 1984లో వచ్చిన రెండవ చిత్రంలో భారతదేశపు ఒక పల్లె పోగొట్టుకొన్న పూజాశిల కోసం వెతికి, చివరకు దానిని ఆ పల్లెకే అప్పగిస్తాడు. ఆ చిత్రం మనవారిని చూపిన తీరు మెచ్చదగినది కాదు. అది వేరే సంగతి. కథ ముగించి ఆ బాలుడు అడిగాడు: “గురువుగారూ, అంత కష్టపడి వెతికింది ఆయనే కదా! మరి ఆ రాయి ఆయనది ఎందుకు కాదు?”

తరగతి అంతా నవ్వింది. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో పాఠకులకు విన్నవించుకోవలసిన బాధ్యత మాపై ఉన్నది.

మా పూర్వీకులు గిర్మిట్ కూలీలు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాది ప్రజలను ఫిజీ దీవుల చెరకు తోటలకు తీసుకొనిపోయారు. 1916లో ఆ రవాణా ఆగింది. ఆ నడుమ ఓడ ఎక్కినవారిలో మా ముత్తాతగారు, ముత్తవ్వగారు ఉన్నారు. వారి మూటలో విగ్రహమేదీ లేదు. కూలీల లైను పక్కన దొరికిన ఒక రాతిని కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, దాని ముందు దీపం వెలిగించారు. అదే వారి అమ్మవారు. తరువాత పొలం చేతులు మారింది. ఆ రాయి అక్కడే ఉండిపోయింది. మా తరం వచ్చేసరికి ఇంట్లో ఫిజీ హిందీయే మిగిలింది. అమెరికా చేరి, బడిపంతులు ఉద్యోగం నుంచి విరమించి, అరవై దాటిన తరువాత ఇప్పుడు ఓనమాలు దిద్దుకొంటున్నాము.

ఇటువంటివారికి ఒక ఆకలి ఉంటుంది. మేము ఫలానా చోటివారమని చెప్పే వస్తువు ఏదైనా చేతికి దొరికితే చాలునన్న ఆకలి అది. 1990వ దశకంలో మేము దంపతులము మొదటిసారి ఆంధ్రదేశం వెళ్ళాము. ముత్తాతగారి ఊరు కనబడింది కాని, ఆయన పేరు ఎరిగినవారు ఒక్కరూ కనబడలేదు. తిరుగు ప్రయాణంలో ఒక పాత గుడి వద్ద ఒక మనిషి గోనెపట్టా విప్పి జానెడు నాగశిలను చూపించాడు. “చాలా పాతదండీ, పొలంలో దొరికింది” అన్నాడు. ఎవరి పొలమని మేము అడగలేదు. ఏ చెట్టు కింద, ఎవరు పాలు పోసిన రాయి అని అడగలేదు. బేరం మాత్రం ఆడాము. చీరల మడతలలో దాచి తెచ్చి, పూజగదిలో నిలిపి, ఇరవై ఏళ్ళు వచ్చిన వారందరికీ గర్వంగా చూపించాము.

మేము చేసినది చిన్న పని. ఇదే పని పెద్దయెత్తున జరగడం తెలుగు నేలకు కొత్త కాదు. కృష్ణాతీరంలో అమరావతి మహాస్తూపం కూలి, దిబ్బగా మారినప్పుడు ప్రజలు దానిని దీపాలదిన్నె అని పిలిచారు. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అక్కడ కొత్త పట్టణం కట్టేటప్పుడు, రాతికోసమూ నిధి దొరకునన్న ఆశతోనూ ఆ దిబ్బను తవ్వించారని చెబుతారు. చెక్కడపు పలకలు కొన్ని కట్టడాలలో కలిసిపోయాయి. కొన్ని కాలి సున్నమయ్యాయి. ఆ రోజులలోనే కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చి చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ మరల తవ్వించాడు. అప్పటి పలకలలో చాలా భాగం 1859లో మద్రాసు నుంచి లండన్ చేరాయి. ఇప్పుడు అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మా పెద్దలను తీసుకొనిపోయిన రేవే ఆ రాళ్ళనూ సాగనంపింది.

ఇది పాతకాలపు మాట అనుకోవడానికి వీలులేదు. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం అనే బౌద్ధక్షేత్రం ఉన్నది. అక్కడి మూడవ శతాబ్దపు సున్నపురాతి పలక ఒకటి, బుద్ధుని ఆరాధించే భక్తులను చెక్కినది, దొంగల పాలై దేశం దాటింది. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 2005లో దానిని న్యూయార్క్ నగరపు వర్తకురాలి వద్ద 5,95,000 డాలర్లకు కొన్నది. పలక చందవరంలో ఉండగా తీసిన ఛాయాచిత్రం బయటపడిన తరువాత దొంగసొత్తు అని తేలి, 2016లో భారతదేశానికి తిరిగి వచ్చింది.

ఆ వార్త చదివిన రాత్రి మేము పూజగదిలో దీపం పెట్టలేకపోయాము. అది కొన్న పెద్దలకూ మాకూ తేడా సొమ్ములోనే తప్ప చేతలో లేదు. మరునాడు శిల్పకళ తెలిసిన ఒక మిత్రునికి నాగశిలను చూపించి, దానిని స్వదేశానికి ఎలా చేర్చాలని అడిగాము. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి నవ్వాడు. అది పాతదే కాదట! ఎవరో ఈ మధ్యనే చెక్కి, ఆమ్లంతో కడిగి, మట్టిలో పాతి పాతదనం తెప్పించారట.

మొదట గుండె తేలికపడింది. తరువాత మరింత బరువెక్కింది. రాయి కొత్తదైనంత మాత్రాన మా బుద్ధి మంచిదవుతుందా? పాతదని నమ్మే కొన్నాము. ఎవరి గుడిదో కావచ్చునని తెలిసీ అడగకుండా కొన్నాము. దొంగసొత్తు కాకపోవడం మా అదృష్టమే కాని మా ధర్మం కాదు.

ఇక ఆ బాలుని ప్రశ్నకు వద్దాము. వెతికినవాని కష్టానికి విలువ లేదని మేము అనము. తీసుకొనిపోకపోతే ఆ రాళ్ళు సున్నపుబట్టీలో కాలిపోయేవి కదా అనే వాదంలోనూ కొంత నిజమున్నది. అయితే, ఒక వస్తువును కాపాడినవాడు దానికి కాపరి అవుతాడు, యజమాని కాడు. పొరుగింటి పిల్లను ఏటిలోనుంచి పైకి లాగినవాడు ఆ పిల్లను తన ఇంటికి తీసుకొనిపోడు కదా.

మొక్కేవారే లేని పాడుగుడి మాటేమిటని మరొకరు అడగవచ్చు. తంజావూరు ప్రాంతంలోని పత్తూరులో 1976లో ఒక కూలీ గుడిసె వేయడానికి తవ్వుతుండగా కంచు నటరాజు దొరికాడు. ఆ విగ్రహం చేతులు మారి లండన్ చేరింది. అక్కడ అది ఎవరిదన్న వ్యాజ్యం నడిచింది. ఆ గుడి శిథిలమై చాలా కాలమైనది. అయినా గుడి తరఫున దావా చెల్లుతుందని 1991లో అక్కడి అప్పీలు న్యాయస్థానం అంగీకరించి, విగ్రహం గుడికే చెందుతుందని తీర్పు చెప్పింది. దీపం కొండెక్కినంత మాత్రాన దేవుడు అనాథ కాడని దీని సారాంశమని మేము గ్రహించాము.

అయితే వెతకడమే తప్పా? కాదు. మెకంజీ 1816 ప్రాంతంలో మరల అమరావతి వచ్చి, చిత్రకారులచేత పలకల బొమ్మలు గీయించాడు. తరువాత నశించిన కొన్ని శిల్పాలు నేటికీ ఆ బొమ్మలలోనే బ్రతికి ఉన్నాయి. చందవరం పలకను ఇంటికి చేర్చినదీ ఒక ఛాయాచిత్రమే. తెలుసుకోవడానికి వెతికినవాడు వస్తువును ఉన్నచోటనే ఉంచి జ్ఞానాన్ని తెచ్చుకొంటాడు. ఆ జ్ఞానం పదిమందికీ పంచినా తరగదు. సొంతం చేసుకోవడానికి వెతికినవాడు ఒక చోట దీపం ఆర్పి మరొక చోట అలంకారం పెట్టుకొంటాడు.

మన ఇళ్ళలో ఈ ప్రశ్న దూరమైనది కాదు. సెలవులకు స్వదేశం వెళ్ళినప్పుడు, ఇక్కడి వేలంపాటలలో, పాతసామాను అంగళ్ళలో దేవతామూర్తులు కనబడుతూనే ఉంటాయి. నూరేళ్ళు దాటిన శిల్పాన్ని సొంతానికి దేశం దాటించడానికి 1972 నాటి భారత చట్టం ఒప్పుకోదు. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అరికట్టడానికి 2024 జూలైలో భారత, అమెరికా ప్రభుత్వాలు ఒప్పందం చేసుకొన్నాయి. చట్టం కంటే ముందు మనము మనలను అడుగవలసినది ఒక్కటే: ఇది ఇక్కడికి రావడంవల్ల ఎక్కడ ఏ దీపం ఆరింది?

మరుసటి వారం నాగశిలను తరగతికి తీసుకొనిపోయి, జరిగినదంతా ఆ బాలునికి చెప్పాము. అతడు దానిని చేతిలోకి తీసుకొని, “అయితే ఇప్పుడు దీనిని ఏం చేస్తారండీ?” అన్నాడు. తరగతి బల్లమీదనే ఉంచుతామన్నాము. ఇప్పుడది మా పుస్తకాలు జారిపోకుండా ఆనుకొని నిలుస్తున్నది. ఇంటి పూజగదిలో ఆ చోటు ఖాళీగా ఉన్నది. మా ముత్తవ్వగారికి రాయి ఎక్కడ దొరికినా సరిపోయింది. దీపం పెట్టే చేయి ఆమె వెంటనే ఓడ ఎక్కింది. ఆ చేయి మాకూ ఉన్నదని గుర్తించడానికి మాకు అరవై ఏళ్ళు పట్టింది.